కోటిలో నలభై

హిందూపురం పారిశ్రామికవాడలో రామచంద్రయ్య గారి ల్యాబులో లోహాలు కోయడం నా పని. ఆరేళ్ళుగా అదే చేస్తున్నాను. అంతకు ముందు వెల్డింగ్ షాపులో గేట్లు చేసేవాణ్ణి. చదివింది మా ఊరి బడిలో, ఏడు దాకా. మా ఊరు తలుపుల మండలంలో ఉంది.

ల్యాబుకు రాగి వస్తుంది, తగరం వస్తుంది, అప్పుడప్పుడు వెండి వస్తుంది. కంటికి అన్నీ మెరుస్తూనే ఉంటాయి. ఆ మెరుపులో పరాయి లోహం ఎంత కలిసిందో చెప్పడమే ల్యాబు పని. నేను కడ్డీ నుంచి పెన్సిలు ముక్కంత పుల్ల కోస్తాను. ఆసిడ్‌లో ముంచి, శుద్ధమైన నీళ్ళలో మూడుసార్లు కడిగి, ప్లాస్టిక్ పటకారుతో పట్టి ట్రేలో పెడతాను. వేలు తగలనివ్వను. అక్కణ్ణుంచి సంగీత పని. ధర్మవరం నుంచి రోజూ రైల్లో వచ్చే ఎమ్మెస్సీ అమ్మాయి. ఆమె పుల్లను హోల్డరులో బిగించి, మాస్ స్పెక్ట్రోమీటరు అనే పెద్ద మిషన్ లోపల పెట్టి, గాలి మొత్తం లాగేసి, ఆర్గాన్ వాయువు వదిలి కరెంటు ఇస్తుంది. పుల్ల చుట్టూ ఊదారంగు వెలుగు పుడుతుంది. రాగి పైపొర నుంచి పరమాణువులు ఒక్కొక్కటే లేస్తాయి. లేచినవన్నీ పెద్ద అయస్కాంతం పక్కగా పోతూ వంపు తిరుగుతాయి. తేలికవి ఎక్కువ వంగుతాయి, బరువైనవి తక్కువ వంగుతాయి. ఏ బరువువి ఎన్ని వచ్చి పడ్డాయో మిషన్ లెక్కపెడుతుంది. కోటి వేరుశనగ గింజలు రాశి పోసి, అందులో పుచ్చు గింజ ఒక్కటుంటే దాన్ని వెతికి చూపించినట్టు.

ఇదంతా సంగీత నాకు చెప్పింది. అడిగితే చెప్పే మనిషి ఆమె.

ల్యాబు మేనేజరు శివకృష్ణ సారు. లోహంలో కలిసిన పరాయిదాన్ని ఇంగ్లీషులో ఇంప్యూరిటీ అంటారు. ఆయన తెలుగులో మైల అంటాడు. "సంగీతా, ఈ రాగిలో మైలెంత?" "తగరం మైల రిపోర్టు యాడ పెట్టినావు?" అందరికీ అదే అలవాటయింది. ఆ మాట మొదటిసారి విన్న రోజు నా చేతిలో రంపం ఆగింది. మా ఊర్లో ఆ మాట మా వీధి వైపు చూసి అనేవాళ్ళు. ఇక్కడ సీసాన్ని, ఇనుమును అంటున్నారని తెలిసి మళ్ళీ కోశాను.

పోయిన దసరాకు ల్యాబులో ఆయుధపూజ చేశారు. ఏటా చేస్తారు. నేను ఉదయాన్నే వచ్చి నేల కడిగి, రంపం తుడిచి, మామిడాకులు కట్టాను. పూజ మొదలయ్యే ముందు శివకృష్ణ సారు నా దగ్గరకు వచ్చి, "నువ్వు చర్చికి పోయేవాడివి కదా సుంకన్నా, కొంచేపు బయట ఉండు" అన్నాడు. అంతకు ముందు ఏడాది కూడా అలాగే అన్నాడు. నేను అద్దం తలుపు బయట నిలబడ్డాను. సంగీత పండుగకు సెలవు పెట్టి ధర్మవరంలో ఉంది.

అద్దంలోంచి అంతా కనిపిస్తుంది. శివకృష్ణ సారు ఈసారి కుంకుమ తేలేదు. జాతరలో కొన్న సిందూరం పొట్లం తెచ్చాడు. నూనెతో తడిపి, రంపానికి పెట్టాడు. తూకం మిషనుకు పెట్టాడు. కంప్యూటరుకు పెట్టాడు. తర్వాత పెద్ద మిషన్ ముందుకు వెళ్ళి, పైన ఒక బొట్టు పెట్టి, ఒక్క క్షణం ఆలోచించి, చిన్న తలుపు తెరిచాడు. హోల్డరు బయటకు లాగి, పుల్ల కూర్చునే రంధ్రం పక్కనే బొటనవేలితో ఒత్తి బొట్టు పెట్టాడు. "దీని గుండెకాయ ఇదే కదా!" అన్నది గాజు దాటి వినిపించింది. రామచంద్రయ్య గారు చేతులు జోడించారు. హారతి ఇచ్చి గుమ్మడికాయ పగలగొట్టారు.

మూడో రోజు పని మొదలయింది. నా రంపం, నా బల్ల ఆసిడ్‌తో తుడుచుకున్నాను. మిషన్ లోపల చెయ్యి పెట్టే పని నాది కాదు. శివకృష్ణ సారు హోల్డరును గుడ్డతో తుడిచి లోపలికి తోయడం చూశాను. సరిగా తుడిచాడనే అనుకున్నాను.

అదే రోజు పెనుకొండ నుంచి రాగి వచ్చింది. అక్కడ రాగిని శుద్ధి చేసే చిన్న ఫ్యాక్టరీ ఉంది. ఆ రాగిలో సీసం కోటిలో ఒకటికి మించకూడదు. నేను పుల్ల కోసి ఇచ్చాను. సంగీత కొలిచింది. కోటిలో నలభై వచ్చింది.

ముందు బాగున్న పుల్ల ఒకటి పెట్టి మిషన్‌ను సరిచూద్దామని సంగీత అడిగిందట. రిపోర్టు ఈ సాయంత్రానికే పోవాలని శివకృష్ణ సారు వద్దన్నాడట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

మరుసటి రోజు పది గంటలకు పెనుకొండ ఫ్యాక్టరీ క్వాలిటీ ఆఫీసరు విజయ్ కుమార్ మోటారు సైకిల్ మీద దిగాడు. హెల్మెట్ తీయకుండానే మొదలుపెట్టాడు.

"ఏమప్పా శివకృష్ణా, మూడు నెల్ల పని అది! కోటిలో నలభై అంటావేమి? మా ఫర్నేసులోకి సీసం యాడ్నించి వచ్చె? మోడంలోంచి వానమాదిరి రాలెనా?"

"మా మిషన్ అబద్ధం చెప్పదు సార్."

"మిషన్ చెప్పదు. మిషన్ దాకా తెచ్చినోళ్ళు ఏం జేసినారో ఎవురికి తెలుసు? మేము రెండుసార్లు చూసి పంపించినాము. తప్పు మీ కాడనే ఉండాది. ఎవురు చేసినారో కాయితం మీద రాసియ్యండి. లేకుంటే ఇంగ మా రాగి బెంగుళూరికి పోతాది, మీ కాడికి రాదు."

శివకృష్ణ సారు అద్దంలోంచి నా వైపు చూశాడు. ముందు నా ముఖం చూశాడు, తర్వాత నా చేతులు చూశాడు.

మధ్యాహ్నం రామచంద్రయ్య గారి గదికి పిలిచారు. బల్ల మీద టైపు చేసిన కాగితం ఉంది. శివకృష్ణ సారు చదివాడు. రాగి పుల్ల తయారు చేసేటప్పుడు నా చేతి అజాగ్రత్త వల్ల మాలిన్యం చేరిందని, అందుకు నేనే బాధ్యుణ్ణని.

రామచంద్రయ్య గారు మెత్తగా మాట్లాడతారు. "సుంకన్నా, ఇది పోలీసు కాయితం కాదబ్బా. పెనుకొండవాళ్ళకి ఏదో ఒకటి చూపించాల. సంతకం పెట్టు. నిన్నేం తీసెయ్యను. గేటు కాడ కూర్చో. ఎండ తగలదు, ఆసిడ్ వాసన ఉండదు."

"నా చేతిలోంచి రాలేదు శెట్టిగారూ."

శివకృష్ణ సారు నవ్వాడు. "నీ చేతిలోంచి కాకుంటే నా చేతిలోంచి వచ్చెనా? కొన్ని చేతులు ఎంత కడిగినా అంతే సుంకన్నా."

రామచంద్రయ్య గారు ఆ మాట వినబడనట్టు కళ్ళజోడు తుడుచుకున్నారు. నాకు వినబడింది. బొట్టు సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. ఆ గదిలో గోడ మీద ఏడు దేవుళ్ళ పటాలున్నాయి. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"రేపు చెప్తా" అన్నాను.

ఇంటికి పోయేసరికి నా భార్య హనుమక్క గార్మెంట్స్ నుంచి వచ్చి శెనక్కాయలు ఉడకేసింది. కాగితం ఆమె ముందు పెట్టాను. వేలు పెట్టి అక్షరం అక్షరం చదివింది.

"అజాగ్రత్త అంటే?"

"ఏమరుపాటు."

"నువ్వా?" అని నవ్వింది. "మెతుకు కింద పడితే యాడ పడిందా అని అర్ధ గంట ఎతుకుతావే, నీకి ఏమరుపాటా?"

బొట్టు సంగతి చెప్పాను. ఆమె నవ్వు ఆగిపోయింది. కాయ ఒలిచి, గింజ నోట్లో వేసుకోకుండా పట్టుకుని కూర్చుంది.

"పూజ చేసిన బొట్టును తప్పు పట్టేది నువ్వయితే, ఊరుకుంటారా వాళ్ళు? అదే మాట ఇంకొకరంటే సైన్సు. నువ్వంటే కొట్లాట."

"అయితే సంతకం పెట్టమంటావా?"

"నేనట్లన్నానా?" కసురుకుంది. "ఈ కాయితం మీద నీ పేరు పడితే, ఇంగ ఈ హిందూపురంలో ఏ ల్యాబులోనైనా రంపం పట్టనిస్తారా నిన్ను? సుంకన్న చెయ్యి పెడితే సరుకు చెడిపోతాదంటారు. ఇంట్లో ఎట్లాగూ మాట్లాడవు. దాచిపెట్టుకున్న మాటలన్నీ రేపు ఆడ వాడు."

మరునాడు ధర్మవరం రైలు దిగి సంగీత వచ్చేసరికి నేను గేటు దగ్గర నిలబడి ఉన్నాను. ఆమెకు విషయం చెప్పాను. ఆమె చేతిసంచి భుజం మీద నుంచి జారింది, సర్దుకోలేదు.

"హోల్డరు మీద పెట్టినారా? హోల్డరు మీదనా సుంకన్నన్నా?"

"రంధ్రం పక్కనే. నూనెతో. గుడ్డతో తుడిచినారు గానీ, పుల్లను బిగించే మర సందుల్లోకి పోయింటాది."

"సిందూరం ఏ రంగు?"

"నారింజ. వెల్డింగ్ షాపులో ఇనుప గేట్లకి మొదటి చెయ్యి కొట్టే రంగు ఉంటాదే, అచ్చం అదే. ఆ డబ్బా మీద సీసం ఉండాదని, నోట్లో పెట్టుకోవద్దని రాసింటారు."

సంగీత సంచి భుజానికెత్తుకుంది. లోపలికి నడిచింది. నేను వెనక నడిచాను.

పదకొండుకు విజయ్ కుమార్ కాగితం కోసం వచ్చాడు. రామచంద్రయ్య గారు, శివకృష్ణ సారు ల్యాబులోనే ఉన్నారు. నేను కాగితం తీసి బల్ల మీద పెట్టాను. కింద సంతకం చోటు ఖాళీగా ఉంది.

"పెట్టను" అన్నాను.

"ఏమబ్బా, నిన్న అంతసేపు చెప్తినే" అన్నారు రామచంద్రయ్య గారు.

"నా చెయ్యి అంటాండారు. అయితే నా చేతినే కొలవండి. మిషన్ ఈడనే ఉండాది."

శివకృష్ణ సారుకు కోపం వచ్చింది. "ఇది నీ ఆటవస్తువు కాదు! ఒకసారి పెడితే గంట పడతాది."

"గంటే కదప్పా" అన్నాడు విజయ్ కుమార్, స్టూలు లాక్కుని. "మూడు నెల్లు పోగొట్టుకున్నోణ్ణి, గంట కూర్చోలేనా? కానీ."

ప్రతి కడ్డీ నుంచి మిగిలిన పుల్లలు నేను ప్లాస్టిక్ సంచుల్లో తేదీ రాసి దాచిపెడతాను. ఎవరూ చెప్పలేదు, నాకది అలవాటు. ఆగస్టులో కోసిన రాగి పుల్ల తీశాను. అప్పుడు దాంట్లో సీసం దాదాపు లేదని సంగీతే రిపోర్టు రాసింది. దాన్ని ఆసిడ్‌లో, నీళ్ళలో కడిగి పటకారుతో ఇచ్చాను. సంగీత అదే హోల్డరులో బిగించింది.

ఊదా వెలుగు వచ్చింది. విజయ్ కుమార్ ఫోన్ చూసుకున్నాడు. రామచంద్రయ్య గారికి కాఫీ వచ్చి, చల్లారింది. గంట తర్వాత తెర మీద అంకె పడింది. కోటిలో ముప్పై ఆరు.

"ఆగస్టులో లేని సీసం సంచిలో కూర్చోని పుట్టెనా సార్?" అన్నాను.

"సంచిలో పెట్టింది ఎవరు? నువ్వే కదా!" అన్నాడు శివకృష్ణ సారు. "తీసింది నువ్వే, కడిగింది నువ్వే. నీ చెయ్యి పడకుండా ఏముండాది ఈడ?"

ఆయన ఆ మాట అంటాడని నాకు తెలుసు. నేను అలమార వైపు చూశాను. సంగీత కొత్త హోల్డరు తీసింది. కంపెనీ సీలు చింపకుండా ఉన్న కవరు. సీలు విజయ్ కుమార్‌కు చూపించి, కత్తిరించింది. ఆగస్టు కడ్డీదే ఇంకొక పుల్ల కడిగి ట్రేలో పెట్టాను. చేతి తొడుగులు విప్పేశాను. ఆరేళ్ళలో ఆ బల్ల దగ్గర తొడుగులు విప్పడం అదే మొదటిసారి. నా అరచేతులు చెమటతో తెల్లగా నాని ఉన్నాయి. పుల్ల తీసుకుని, అందరూ చూస్తుండగా రెండు చేతుల మధ్య పెట్టి రుద్దాను. వేళ్ళతో రుద్దాను. నుదుటి చెమట తుడిచి మళ్ళీ రుద్దాను. రామచంద్రయ్య గారు ముఖం పక్కకు తిప్పుకున్నారు.

"కడగొద్దు. ముందు కాల్చొద్దు. ఉన్నదున్నట్టు పెట్టండి" అన్నాను.

లెక్క మొదలుపెట్టే ముందు ఇరవై నిమిషాలు పుల్ల పైపొరను కాల్చేసి, మీది మురికి పోయాక కొలవడం పద్ధతి. సంగీత అది చేయకుండా నేరుగా లెక్క మొదలుపెట్టింది. ఈసారి విజయ్ కుమార్ ఫోన్ జేబులో పెట్టి తెర దగ్గరకు జరిగాడు.

అంకెలు ఒక్కొక్కటే వచ్చాయి. సోడియం లేచింది, తెర పైదాకా లేచింది. పొటాషియం లేచింది. క్లోరిన్ వచ్చింది, కాల్షియం కొంచెం వచ్చింది. సీసం చోట గీత నేల మీదే పడుకుంది.

"ఇదేమి, ఇంత సోడియం?" అన్నారు రామచంద్రయ్య గారు.

"ఉప్పు సార్" అంది సంగీత. "చెమట. మా ఇంట్లో మగ్గం మీద జరీని ఉత్తచేత్తో ముట్టుకోనియ్యరు, చెమటకి నల్లబడతాదని. నా చెయ్యి పెట్టినా ఇదే వస్తాది, మీ చెయ్యి పెట్టినా ఇదే వస్తాది."

"అయితే ఆ పాత హోల్డరులో ఏముండాది?" అన్నాడు విజయ్ కుమార్. నన్నే అడిగాడు. ఆ గదిలో నన్ను ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయన.

"బొట్టు" అన్నాను.

శివకృష్ణ సారు ముఖం ఒక్కసారిగా ఎర్రబడింది. "ఏమన్నావు?"

"ఆయుధపూజ రోజు మీరు పెట్టిన సిందూరం సార్. నేను బయట నిలబడి చూసినా."

"పూజ చేసిన బొట్టును మైలంటావా నువ్వు? నువ్వా అనేది?"

ఆ 'నువ్వా' దగ్గర ఆయన ఆగిపోయాడు. అందరూ విన్నారు. నేను చేతులు వెనక్కి పెట్టుకోలేదు.

"ఆ మాట మీదే సార్. ఆరేళ్ళుగా ఈ గదిలో మీరే అంటాండారు. నేను సీసం అంటాండా. బొట్టు గుడిలో ఉంటే బొట్టే. రాగి పుల్ల పక్కన ఉంటే సీసమే. సీసం ఎవరు పెట్టినారో మిషన్‌కు తెలీదు. పెట్టిన చెయ్యి ఎవరిదైనా నలభై అంటే నలభై అంటాది."

నేను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం వాళ్ళు ఎప్పుడూ వినలేదు. నేనూ వినలేదు.

విజయ్ కుమార్ లేచి, పాత హోల్డరును పటకారుతో వెలుతురుకు పెట్టాడు. ప్లాస్టిక్ పుల్లను మర సందులో తిప్పి తీశాడు. పుల్ల కొసకు నారింజ రంగు అంటింది. వాసన చూశాడు.

"నూనె" అన్నాడు. తర్వాత శివకృష్ణ సారు వైపు తిరిగాడు. "ఏమప్పా, మా రాగికి బొట్టు పెట్టి పెళ్ళిచూపులకి పంపించినావా?"

ఎవరూ నవ్వలేదు. ఆయనే నవ్వుకుని, హెల్మెట్ తీసుకున్నాడు. "మా రాగి మళ్ళా కొలవండి. సాయంత్రం ఫోన్ జేస్తా. రిపోర్టులో ఏం జరిగిందో రాయాల. ఉన్నది ఉన్నట్టు."

ఆయన పోయాక రామచంద్రయ్య గారు చాలాసేపు మిషన్ మీద ఇంకా మిగిలి ఉన్న పై బొట్టు వైపు చూస్తూ నిలబడ్డారు. చివరకు అన్నారు, "సరే. జరిగిందేదో జరిగె. మిషన్ లోపమని రాద్దాం, ఎవురికీ ఇబ్బంది ఉండదు. సుంకన్నా, ఆ హోల్డరు తీస్కపోయి ఆసిడ్‌లో బాగా కడుగు."

"కడగను శెట్టిగారూ."

ఆయన నమ్మలేనట్టు చూశారు. కడగడమే నా పని. ఆరేళ్ళుగా ఏది ఇస్తే అది కడిగాను.

"నేను కడిగితే రేపు బజార్లో ఒకటే మాట. సుంకన్న పూజబొట్టు తుడిచేసినాడు అని. ఆ మాట ఎంత దూరం పోతాదో మీకూ తెలుసు, నాకూ తెలుసు. పెట్టినాయనే తియ్యాల. మిషన్ లోపమని కూడా రాయొద్దు. మిషన్ ఏం లోపం చేసింది? నలభై ఉండాదంటే నలభై చూపించె. సిందూరం అని రాయండి."

"రాయకుంటే?" అన్నాడు శివకృష్ణ సారు.

"నేను ఇంగ ఈ ల్యాబులో పుల్ల కొయ్యను. ఎందుకు కొయ్యనో అడిగినోళ్ళందరికీ చెప్తా. మొదట పెనుకొండకి పోయి చెప్తా."

బెదిరింపు అనుకుంటే అనుకోనీ అనుకున్నాను. కాగితం తీసి రామచంద్రయ్య గారి ముందుకు జరిపాను. "దీన్ని మీరే చించండి. నేను చించితే నేను దాచినట్టుంటాది."

ఆయన కాగితం చేతిలోకి తీసుకున్నారు. రెండుగా చించారు. మళ్ళీ నాలుగుగా చించారు. ముక్కలు ఎక్కడ వేయాలో తెలియక చొక్కా జేబులో పెట్టుకున్నారు. తర్వాత సంగీతతో, "సిందూరం అని రాయమ్మా" అన్నారు. శివకృష్ణ సారు ముఖం చూడకుండా, "శివకృష్ణా, హోల్డరు నువ్వు కడుగు" అని గదిలోకి వెళ్ళిపోయారు.

శివకృష్ణ సారు చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత తొడుగులు వేసుకున్నాడు. హోల్డరును కళ్ళకద్దుకుని, ఆసిడ్ గిన్నెలో దించాడు. నేను తప్పు పట్టలేదు. అది ఆయన ఇష్టం.

నా స్టూలు మీద నేను కూర్చున్నాను. చేతులు కట్టుకున్నాను.

మొదటిసారి కడిగి, ఆగస్టు పుల్ల పెట్టి కొలిచారు. కోటిలో పదిహేను. రెండోసారి కడిగారు. ఆరు. సంగీత ఎక్కాల్సిన రైలు వెళ్ళిపోయింది. ఆమె వాళ్ళమ్మకు ఫోన్ చేసి బస్సుకు వస్తానని చెప్పి, మళ్ళీ తెర ముందు కూర్చుంది.

"ఇంక చాలు, ఆరే కదా" అన్నాడు శివకృష్ణ సారు. మోచేతుల దాకా తడిసి ఉన్నాడు. నుదుటి నుంచి చెమట ముక్కు మీదకు దిగుతోంది. తుడుచుకోవడానికి వీల్లేదు, చేతులకు తొడుగులు.

"ఒకటికి మించకూడదు సార్" అన్నాను. "బ్రష్షు అడ్డం రుద్దితే పోదు. మర ఎటు తిరిగితే అటు తిప్పండి. ఊ, అట్ల. కొంచెం మెల్లగా. మళ్ళా నీళ్ళలో మూడుసార్లు."

ఆయన తిప్పడం మొదలుపెట్టాడు.